మెష్ సన్నబడే కొద్దీ పెరిగిన స్ట్రెస్: మెట్టు షాఫ్టులు విరిగిన ఒక కేసు

నేపథ్యం

బెల్టుతో నడిచే ఒక భారీ యంత్రం. దాని షాఫ్టు నిమిషానికి 300 చుట్లు చొప్పున రాత్రింబవళ్లు తిరుగుతుంది. పుల్లీ వైపు బేరింగ్ కూర్చునే చోట షాఫ్టు వ్యాసం 100 మి.మీ. బేరింగ్ దాటగానే 120 మి.మీ.కు పెరుగుతుంది. బేరింగ్ లోపలి రింగు ఆ మెట్టుకు ఆనుకుని నిలుస్తుంది. మెట్టు మూలలో ఫిల్లెట్ (మూలను గుండ్రంగా తిప్పిన వంపు) వ్యాసార్ధం 2 మి.మీ. ఉండాలని డ్రాయింగు చెబుతుంది. అది మధ్యస్థ కార్బన్ స్టీలు. దాని అల్టిమేట్ బలం (తెగేలోపు తట్టుకునే గరిష్ఠ స్ట్రెస్) 650, ఈల్డ్ (శాశ్వతంగా సాగడం మొదలయ్యే స్ట్రెస్) 380 మెగాపాస్కల్. యంత్రాన్నీ సంస్థనూ గుర్తుపట్టే వివరాలు వదిలేశాం, అంకెలను గుండ్రం చేశాం.

ఇదే డ్రాయింగుతో చేసిన పాత షాఫ్టులు ఏళ్ల తరబడి ఇబ్బంది లేకుండా తిరిగాయి. తర్వాత వేరే వర్క్‌షాపులో ఒక బ్యాచ్ చేయించారు. అందులో కొన్ని షాఫ్టులు సరిగ్గా ఆ మెట్టు మూల దగ్గరే విరిగాయి, మిగిలినవి నడుస్తూనే ఉన్నాయి. ఒకే డ్రాయింగు, ఒకే స్టీలు, ఒకే లోడు ఉన్నప్పుడు కొన్నే ఎందుకు విరిగాయన్నది మొదటి ప్రశ్న. నడుస్తున్నవాటిని ఆపాలా, నడవనివ్వాలా అన్నది రెండోది. తొందరగా తేల్చాల్సింది రెండోదే.

విరిగిన ముఖం చెప్పింది

విరిగిన ముఖం అంచు పొడవునా చిన్న చిన్న మెట్లు కనిపించాయి. పగులు ఒకే బిందువు దగ్గర కాకుండా చుట్టూ చాలా చోట్ల ఒకేసారి పుట్టి, తర్వాత ఆ పగుళ్లన్నీ కలిసిపోయినప్పుడు మిగిలే గుర్తులివి. చివర్లో ఒక్కసారిగా తెగిన గరుకు భాగం మాత్రం చాలా చిన్నది. ఈ రెండు గుర్తులు కలిపి చదివితే నామినల్ స్ట్రెస్ (మూల ప్రభావం కలపకుండా లెక్కేసేది) తక్కువ, మూలలో స్ట్రెస్ కేంద్రీకరణ ఎక్కువ అని తెలుస్తుంది. లోడు అతిగా పెరిగి విరిగి ఉంటే ఆఖరి భాగం ఇంకా చాలా పెద్దదిగా ఉండేది.

అయినా బెల్టు అతిగా బిగించారేమోనన్న అనుమానాన్ని ముఖం చూసి మాత్రమే కొట్టేయలేం. అందుకే 120 మి.మీ. భాగం మీద, మెట్టుకు కాస్త దూరంలో స్ట్రెయిన్ గేజీలు అతికించి, తిరుగుతుండగానే వైర్‌లెస్‌గా చదివారు. వికృతి (స్ట్రెయిన్) ఆంప్లిట్యూడు సుమారు 200 మైక్రోస్ట్రెయిన్, అంటే పది లక్షల్లో 200 వంతులు. ఎలాస్టిక్ మాడ్యులస్ 205 గిగాపాస్కల్‌తో గుణిస్తే దాదాపు 41 మెగాపాస్కల్. వంపు స్ట్రెస్ వ్యాసం ఘనానికి విలోమంగా మారుతుంది కాబట్టి 100 మి.మీ. దగ్గర అది 70 మెగాపాస్కల్ అవుతుంది. డిజైన్ లెక్కలో ఉన్న అంకె కూడా ఇదే. అంటే లోడు మారలేదు. గేజీని మూలకు దగ్గరగా అతికించాలన్న ప్రతిపాదన వచ్చింది, వద్దన్నాం. అక్కడ ఒక మిల్లీమీటరులోనే స్ట్రెస్ సగానికి పడిపోతుంది. గేజీ తన పొడవంతటి మీద సగటు చూపిస్తుంది, ఆ సగటు దేనికీ పనికిరాదు.

మొదటి విశ్లేషణ ఎందుకు నిలవలేదు

యంత్రం నడిపే సంస్థ ఇంజనీర్లు అప్పటికే ఫైనైట్ ఎలిమెంట్ లెక్క (భాగాన్ని చిన్న ముక్కల వలగా, అంటే మెష్‌గా, విడగొట్టి స్ట్రెస్ కనుక్కునే కంప్యూటర్ లెక్క) చేసి ఉంచారు. మోడల్ తేలికగా ఉండాలని చిన్న ఫిల్లెట్లన్నీ తీసేశారు, అందరూ చేసేదే. దాంతో మెట్టు మూల పదునైన లంబకోణం అయింది. 2 మి.మీ. మెష్‌తో గరిష్ఠ స్ట్రెస్ 118 మెగాపాస్కల్ వచ్చింది. నమ్మకం కుదరక మెష్ సగం చేస్తే 162, మళ్లీ సగం చేస్తే 222, తర్వాత 305, 0.125 మి.మీ. దగ్గర 418. ఈల్డ్ 380 కాబట్టి మూల ఈల్డ్ అవుతోందని, స్టీలు మార్చాలని నివేదిక రాశారు.

ఆ అంకెల వరుసను గమనిస్తే ప్రతిసారీ పెరుగుదల 37 శాతం. అది యాదృచ్ఛికం కాదు. లోపలికి తిరిగిన పదునైన మూల దగ్గర ఎలాస్టిక్ స్ట్రెస్ ఎలా నడుస్తుందో విలియమ్స్ అనే పరిశోధకుడు 1952లోనే చూపించాడు. మూల చుట్టూ లోహం 270 డిగ్రీలు ఉంటే స్ట్రెస్, దూరానికి మైనస్ 0.4555 ఘాతంలో పెరుగుతుంది. పూర్తి పగులుకైతే ఆ ఘాతం మైనస్ 0.5. 2ను 0.4555 ఘాతానికి ఎత్తితే 1.37 వస్తుంది. అంటే మెష్ సగం చేసిన ప్రతిసారీ 37 శాతం పెరగడం లెక్క సరిగ్గా పనిచేస్తోందనడానికి రుజువు. తప్పల్లా అడిగిన ప్రశ్నలో ఉంది. వ్యాసార్ధం సున్నా అయిన మూలలో గరిష్ఠ స్ట్రెస్ అనేదే లేదు. ఎంత సన్నటి మెష్ వేస్తే అంత పెద్ద అంకె వస్తుంది. ఓపిక ఉంటే వెయ్యి మెగాపాస్కల్ కూడా చూపించవచ్చు.

ఇలాంటి చోట ముందుగా తేల్చుకోవాల్సింది ఒక్కటే: మూలకు కొలవగల వ్యాసార్ధం ఉందా లేదా? ఉంటే అది నాచ్. గరిష్ఠ స్ట్రెస్‌కు అర్థం ఉంటుంది, దానితోపాటు ఆ స్ట్రెస్ లోపలికి ఎంత వేగంగా తగ్గుతుందో కూడా కావాలి. లేకపోతే, అంటే పగులే అయితే, స్ట్రెస్ అంకెను పక్కన పెట్టి స్ట్రెస్ ఇంటెన్సిటీ ఫ్యాక్టర్, అంటే కె (పగులు కొస చుట్టూ స్ట్రెస్ తీవ్రతను చెప్పే అంకె), లెక్కించాలి. ఈ కేసులో రెండూ కావలసి వచ్చాయి: విరగడానికి కారణం తేల్చడానికి మొదటిది, నడుస్తున్న షాఫ్టుల సంగతి తేల్చడానికి రెండోది.

అసలు వ్యాసార్ధం ఎంత

డ్రాయింగులో 2 మి.మీ. అని ఉండటం ఒకటి, షాఫ్టు మీద ఉండటం మరొకటి. రేడియస్ గేజ్ ఆకులతో ఇంత లోతైన మూలను కొలవడం కష్టం, ఆకు ఆనినట్టే అనిపిస్తుంది. అందుకని మూలలో సిలికోన్ రెప్లికా పదార్థం పోసి, గట్టిపడ్డాక తీసి, సన్నటి ముక్కగా కోసి ప్రొఫైల్ ప్రొజెక్టర్ కింద పెట్టారు. పాత షాఫ్టుల మీద 1.9 నుంచి 2 మి.మీ. దాకా వచ్చింది. కొత్త బ్యాచ్‌లో 0.4 నుంచి 0.5 మి.మీ. మాత్రమే. మూలను ఫిల్లెట్‌గా తిప్పకుండా కొస వ్యాసార్ధం 0.4 మి.మీ. ఉన్న కోత ఇన్సర్టుతో నేరుగా లోపలికి దింపి వదిలేశారన్నమాట. వర్క్‌షాపు ఇలా చేయడానికి కారణం కూడా ఉంది. ఈ బేరింగ్ లోపలి రింగు చాంఫర్ (అంచు కోత) కనీసం 2.1 మి.మీ., కాబట్టి షాఫ్టు ఫిల్లెట్ 2 మి.మీ. దాటకూడదు. దాటితే రింగు మెట్టుకు ఆనకుండా ఫిల్లెట్ మీదే కూర్చుంటుంది. గరిష్ఠ పరిమితి ఒక్కటే తెలిసినవాడికి చిన్న వ్యాసార్ధమే క్షేమం అనిపిస్తుంది. డ్రాయింగులో కనీస పరిమితి లేదు.

కారణం: నాచ్ లెక్క

వ్యాసాల నిష్పత్తి 1.2. ఫిల్లెట్ 2 మి.మీ. అయితే వంపులో స్ట్రెస్ కేంద్రీకరణ గుణకం కె-టి 2.28, 0.5 మి.మీ. అయితే 3.08. ఈ రెండో అంకె చార్టుల అంచు దాటిపోయింది కాబట్టి ఫిల్లెట్‌ను నిజంగా గీసిన మోడల్‌తో సరిచూశాం. ఫిల్లెట్ చాపం మీద కనీసం పది రెండో ఘాతపు (అంచు మధ్యలో కూడా నోడ్ ఉండే) ఎలిమెంట్లు ఉండాలి. సగటు చేసిన, చేయని స్ట్రెస్‌ల మధ్య తేడా 5 శాతం లోపు రావాలి. మెష్ ఇంకా సన్నం చేసినా అంకె కదలకూడదు. ఈ మూడూ కుదిరితేనే ఆ అంకె తీసుకున్నాం.

కె-టి అంతటినీ ఫెటీగ్ (పదేపదే మారే లోడుతో పగలడం) లెక్కలో పెడితే అతి అవుతుంది. నాచ్ సన్నబడే కొద్దీ ఎక్కువ స్ట్రెస్ పడే లోహపు పొర పలచబడుతుంది. ఆ పొరలో పుట్టిన చిన్న పగులు కొంచెం లోపలికి వెళ్లగానే బలహీనమైన స్ట్రెస్‌లో పడి ఆగిపోవచ్చు. పీటర్సన్ సూత్రం ప్రకారం ఈ స్టీలుకు పదార్థపు పొడవు 0.2 మి.మీ. దాంతో నాచ్ సెన్సిటివిటీ (కె-టిలో 1కి పైనున్న భాగంలో ఫెటీగ్‌కు నిజంగా వర్తించే వంతు) 2 మి.మీ. దగ్గర 0.91, 0.5 మి.మీ. దగ్గర 0.71 అవుతుంది. ఫెటీగ్‌కు వర్తించే గుణకాలు 2.16, 2.48. వీటిని 70 మెగాపాస్కల్‌తో గుణిస్తే 151, 174.

ఇక పోల్చాల్సిన పరిమితి, అంటే ఎన్నిసార్లు తిరిగినా విరగకుండా తట్టుకునే స్ట్రెస్. అల్టిమేట్ బలంలో సగం 325. మెషిన్ చేసిన ఉపరితలానికి 0.81, ఈ వ్యాసానికి 0.73 గుణిస్తే 193. 99 శాతం విశ్వసనీయతకు ఇంకో 0.81తో గుణిస్తే 157. పాత షాఫ్టులు 151 దగ్గర, పరిమితికి కొద్దిగా కింద ఉన్నాయి. కొత్తవి 174 దగ్గర, సరిగ్గా 157కు, 193కు మధ్య పడ్డాయి. సగటు స్టీలు 193 దాకా తట్టుకుంటుంది, బలహీనమైనది తట్టుకోదు. కొన్నే విరిగాయన్న మొదటి ప్రశ్నకు జవాబు ఇదే. పాత షాఫ్టులకు మార్జిన్ 4 శాతమేనన్నది ఈ లెక్కలో అదనంగా బయటపడ్డ సంగతి. దాన్నీ వదిలేయడానికి లేదు.

ఒకే సూత్రం మీద ఆధారపడకుండా క్రిటికల్ డిస్టెన్స్ పద్ధతితోనూ చూశాం. పగులు పెరుగుదల థ్రెషోల్డ్ (కె ఇంతకు దిగువన ఉంటే పగులు పెరగదు) 6 మెగాపాస్కల్ రూట్ మీటర్, నాచ్ లేని బలం 260 అనుకుంటే లక్షణ పొడవు 0.17 మి.మీ. మూల అడుగు నుంచి అందులో సగం, అంటే 0.085 మి.మీ. లోపల స్ట్రెస్ ఎంతో చదవాలి. 0.5 మి.మీ. ఫిల్లెట్‌కు అక్కడ 168 వచ్చింది. 174కు ఇది దగ్గరే. ఈ పద్ధతిలో మరో సౌకర్యం ఉంది. పదునైన మూల మోడల్‌లోనూ ఆ లోతు దగ్గర స్ట్రెస్ స్థిరంగా ఉంటుంది, మెష్ సన్నం చేసినా కదలదు. కదిలేది మూల బిందువు దగ్గరి అంకె మాత్రమే.

చేసి చూసి వదిలేసినవి

ముందు స్టీలు మార్పు. 1000 మెగాపాస్కల్ అల్లాయ్ స్టీలు పెడితే బలం 54 శాతం పెరుగుతుందని ఆశ. కానీ బలం పెరిగితే నాచ్ సెన్సిటివిటీ కూడా పెరుగుతుంది. 0.5 మి.మీ. మూలకు ఫెటీగ్ గుణకం 2.48 నుంచి 2.75 అవుతుంది. మెషిన్ చేసిన ఉపరితలం వల్ల నష్టమూ ఎక్కువే. మొత్తం మీద పరిమితి, స్ట్రెస్ నిష్పత్తి 0.90 నుంచి 1.12కు వస్తుంది. అంటే దక్కేది 24 శాతం. పైగా పగులు థ్రెషోల్డ్ బలంతోపాటు పెరగదు, చాలా స్టీళ్లలో కాస్త తగ్గుతుంది కూడా. బలమైన స్టీలు పగులు పుట్టడాన్ని ఆలస్యం చేస్తుంది, పుట్టినదాన్ని ఆపదు. ఖర్చు పెట్టి సన్నటి మూలను అలాగే ఉంచుకోవడం అర్థంలేని పని. దీన్ని కాగితం మీదే కొట్టేశాం.

రెండోది నిజంగా చేశారు, విఫలమైంది. పగులు సూచన కనిపించిన ఒక షాఫ్టును ఊడదీయకుండానే, మూలను మెట్టు ముఖంలోకి తవ్వి 2 మి.మీ. వ్యాసార్ధానికి గ్రైండ్ చేశారు. పగులు పోయిందనుకున్నారు. మ్యాగ్నెటిక్ పార్టికల్ పరీక్షలో (అయస్కాంతీకరించి ఇనుప పొడితో పగుళ్లు వెతికే పరీక్ష) మూల దగ్గర పొడి ఇంకా గీతలా పోగైంది. వ్యాసం మారే చోట అయస్కాంత ఫ్లక్స్ లీకై పొడి ఎలాగూ చేరుతుందిలే అని వదిలేశారు. కొన్ని వారాల్లో షాఫ్టు విరిగింది. విరిగిన ముఖం మీద కొలిస్తే గ్రైండింగ్ తర్వాత మిగిలిపోయిన పగులు లోతు సుమారు 0.8 మి.మీ.

ఎందుకు విరిగిందో కె లెక్క చెబుతుంది. కొత్త ఫిల్లెట్ అడుగున స్ట్రెస్ 70 గుణించు 2.28, అంటే 160. 0.8 మి.మీ. లోతులో అది 100కు దిగువకు వస్తుంది. చుట్టూ వ్యాపించిన లోతు తక్కువ పగులు కాబట్టి అంచు పగులు గుణకం 1.12 వాడాలి. అర్ధవృత్తపు పగులు గుణకం వాడితే కె మూడో వంతు తక్కువగా కనబడి మోసం చేస్తుంది. లోపలికి తగ్గే స్ట్రెస్‌ను కూడా కలుపుకుంటే కె 7కు కాస్త తక్కువ వస్తుంది. థ్రెషోల్డ్ 6. పగులు పెరగక తప్పదు. ఇదే లెక్క ప్రకారం ఆ ఫిల్లెట్‌లో అర మిల్లీమీటరుకు కాస్త పైన ఏ పగులు మిగిలినా పెరుగుతుంది. ఊడదీయకుండా చేసే పరీక్షలో ఆ మూలలో అర మిల్లీమీటరు లోతును నమ్మకంగా కనిపెట్టే మార్గం మా దగ్గర లేదు. అందుకే గ్రైండింగ్ దారిని పూర్తిగా మూసేశాం.

నడుస్తున్నవాటిని ఏం చేయాలి

ఆరు నెలలకోసారి అల్ట్రాసోనిక్ పరీక్ష చేస్తూ నడుపుకోవచ్చన్నది నిర్వాహకుల కోరిక. వినడానికి సబబుగానే ఉంది. తేల్చడానికి వేర్వేరు లోతుల పగుళ్లు పెట్టిన త్రీడీ మోడల్స్ చేశాం. పగులు కొసన మధ్య నోడ్లను పావు దూరానికి జరిపిన ఎలిమెంట్లు వాడాం. ఇలా జరిపితే దూరపు వర్గమూలానికి విలోమంగా మారే స్ట్రెస్ దానంతటదే వస్తుంది. మొదటి వలయం పరిమాణం పగులు లోతులో ఇరవయ్యో వంతు. జె ఇంటిగ్రల్‌ను (దీని నుంచే కె వస్తుంది) ఐదు కాంటూర్ల, అంటే పగులు కొసను చుట్టే దారుల, మీద తీసుకుని, కొసకు ఆనుకున్న మొదటిదాన్ని వదిలేశాం. మిగిలిన నాలుగూ 2 శాతం లోపు కలవకపోతే ఆ ఫలితం చెల్లదు. కాంటూర్లు కలవకపోవడానికి తరచూ కారణం పగులు ముందుకు సాగే దిశను తప్పుగా ఇవ్వడం. వంగిన పగులు అంచు మీద ఈ దిశ ప్రతి నోడ్ దగ్గరా మారుతుంది.

తిరుగుతూ వంగే షాఫ్టులో కనిష్ఠ, గరిష్ఠ స్ట్రెస్‌ల నిష్పత్తి మైనస్ 1. నొక్కే సగంలో పగులు మూసుకుంటుంది కాబట్టి లాగే సగాన్నే లెక్కలోకి తీసుకున్నాం. ఎలాస్టిక్ లెక్క చెల్లుతుందా అన్నదీ చూశాం. కె 7 దగ్గర, ప్లేన్ స్ట్రెయిన్‌లో (లోహం పగులు అంచు వెంట సాగలేని స్థితిలో) ప్లాస్టిక్ జోన్, అంటే కొస దగ్గర ఈల్డ్ అయిన భాగం, వ్యాసార్ధం 0.02 మి.మీ. లోపే. పగులు లోతుతో పోలిస్తే అది లెక్కలోది కాదు.

ఫలితం ఆసక్తికరం. పగులు 1 నుంచి 5 మి.మీ. దాకా లోతైనా కె 7, 8 మధ్యే తచ్చాడుతుంది. పగులు పొడవు వల్ల పెరగాల్సింది, నాచ్ ప్రభావం తగ్గడం వల్ల రద్దయిపోతుంది. 10 మి.మీ. దగ్గర 9 దాటుతుంది. అంకెలు చిన్నవిగానే కనిపిస్తాయి. ఫెరైట్-పెర్లైట్ స్టీళ్లకు వాడే పారిస్ సూత్రంలో (ఒక్కో చుట్టుకు పగులు ఎంత పెరుగుతుందో కె నుంచి చెప్పేది; గుణకం 6.9ను పది మైనస్ 12 ఘాతంతో గుణించింది, ఘాతం 3) కె 7 పెడితే ఒక్కో చుట్టుకు మిల్లీమీటరులో పది లక్షలో 2.4 వంతు మాత్రమే పెరుగుతుంది. కానీ ఈ షాఫ్టు రోజుకు 4,32,000 చుట్లు తిరుగుతుంది. అంటే రోజుకు ఒక మిల్లీమీటరు. 10 మి.మీ. లోతు వచ్చేసరికి రోజుకు రెండున్నర. థ్రెషోల్డ్ దగ్గరలో నిజమైన వేగం ఇంతకన్నా తక్కువే ఉంటుంది, అయినా కథ వారాల్లో ముగుస్తుంది. ఆరు నెలల తనిఖీకి ఇక్కడ అర్థం లేదు. వారానికోసారి ఆపి తనిఖీ చేయడం కన్నా షాఫ్టు మార్చడమే చవక.

కాబట్టి ఇలాంటి షాఫ్టుకు జీవితకాలం లెక్క అనవసరం. కె థ్రెషోల్డ్ కింద ఉందా, పైన ఉందా, అంతే. పగులు సూచన ఉన్న ప్రతి షాఫ్టునూ తీసేయమన్నాం. ఊడదీసి, కడిగి, మ్యాగ్నెటిక్ పార్టికల్‌తోపాటు ఎడ్డీ కరెంట్ (ఉపరితలంలో కరెంటు పుట్టించి పగుళ్లు వెతికే) పరీక్షలో కూడా శుభ్రంగా తేలినవాటినే మళ్లీ వాడే పనికి ఉంచాం.

పనిచేసిన మార్పు

బేరింగ్ చాంఫర్ 2 మి.మీ. దాటనివ్వదు. స్ట్రెస్ తగ్గాలంటే పెద్ద ఫిల్లెట్ కావాలి. ఈ రెంటినీ కలిపేది స్పేసర్ రింగు. మెట్టును 120 భాగంలోకి 8 మి.మీ. వెనక్కి తీసి, ఆ ఖాళీలో లోపలి అంచుకు పెద్ద చాంఫర్ ఉన్న రింగు పెడితే బేరింగ్ పాత చోటే ఉంటుంది. ఫిల్లెట్ ఎంత పెట్టాలన్న దగ్గర కాస్త తర్జనభర్జన జరిగింది. 8 మి.మీ. అయితే కె-టి 1.68కు దిగుతుంది. కానీ మెట్టు ఎత్తు 10 మి.మీ. మాత్రమే, అప్పుడు రింగు ఆనడానికి 2 మి.మీ. ముఖమే మిగులుతుంది. అక్షం వెంట వచ్చే లోడుకు అది చాలదు. 6 మి.మీ. అయితే కె-టి 1.79, ఫెటీగ్ గుణకం 1.76, స్ట్రెస్ 123, ఆనే ముఖం 4 మి.మీ. పరిమితి 157తో పోలిస్తే మార్జిన్ 27 శాతం. అదే ఖాయం చేశాం. అండర్‌కట్ గాడి (మూలను లోపలికి తొలిచే గాడి) వద్దనడానికి కారణం, అది వ్యాసాన్ని తగ్గిస్తుంది, దాని సొంత వ్యాసార్ధమూ చిన్నదే. ఫిల్లెట్ రోలింగ్ (రోలర్‌తో నొక్కి ఉపరితలాన్ని బలపరచడం) మంచి పద్ధతే, కానీ రోలర్ బలాన్ని, లోతును అదుపులో పెట్టే ఏర్పాటు అక్కడ లేదు.

రింగును షాఫ్టు మీద వదులుగా ఉంచాలి. బిగువుగా ఎక్కిస్తే దాని అంచు కింద రాపిడితో ఫ్రెట్టింగ్ మొదలై మరో పగులుకు చోటిస్తుంది. పగులు ఉన్న షాఫ్టుల మెట్టును కూడా వెనక్కి తీసి వాడుకోవచ్చు కదా అని అడిగారు. కుదరదు. పాత మూల ఇప్పుడు రింగు కింద 100 మి.మీ. ఉపరితలంలో ఉంటుంది, పగులు కొస లోపల అలాగే ఉంటుంది.

మార్చిన షాఫ్టులు 24 రోజుల్లో కోటి చక్రాలు దాటాయి. ఎనిమిది నెలలకు, అంటే పది కోట్ల చక్రాలు దాటాక, ఊడదీసి చూస్తే ఎక్కడా సూచన లేదు.

మిగిలిన పాఠాలు

ఫిల్లెట్ తీసేసిన మోడల్ నుంచి ఆ మూల స్ట్రెస్‌ను ఎవరైనా చెబితే మెష్ సగం చేసి మళ్లీ చూపించమనండి. 37 శాతం పెరిగితే ఆ అంకెను కొట్టేయండి. మూలకు దూరంగా ఉన్న స్ట్రెస్‌లు మాత్రం అదే మోడల్‌లో సరిగ్గానే ఉంటాయి, వాటిని పారేయనక్కరలేదు.

సైజు గుణకం (పైన వ్యాసానికి వాడిన 0.73), నాచ్ సెన్సిటివిటీ రెండూ కొంతవరకు ఒకే ప్రభావాన్ని లెక్కిస్తాయి. రెండూ వాడితే జవాబు కాస్త క్షేమం వైపు వాలుతుంది. కారణం తేల్చేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి, డిజైన్ చేసేటప్పుడు దాన్ని తీసేయాలని ప్రయత్నించవద్దు.

డ్రాయింగులో ఫిల్లెట్‌కు గరిష్ఠంతోపాటు కనీస వ్యాసార్ధం రాయాలి. ఇక్కడ 5.5 నుంచి 6 అని రాశాం. ఉపరితల గరుకుతనం ఫిల్లెట్ మీద కూడా వర్తిస్తుందని విడిగా చెప్పాం. చాపం చివర, అది 100 మి.మీ. ఉపరితలాన్ని కలిసే చోట, టూల్ గాడి ఉండకూడదని మరో వాక్యం చేర్చాం. అక్కడ మిగిలే పదో వంతు మిల్లీమీటరు మెట్టు 6 మి.మీ. ఫిల్లెట్ ఇచ్చిన లాభాన్ని చాలావరకు తినేస్తుంది. ప్రతి బ్యాచ్ నుంచి ఒక షాఫ్టుకు సిలికోన్ రెప్లికా తీసి, దాని ప్రొఫైల్ ప్రింటును ఇన్‌స్పెక్షన్ కాగితాలకు జత చేయడం ఇప్పుడు అక్కడ తప్పనిసరి.